మాడు దిగింది సిస్టరమ్మా

పిల్లల వార్డులో అన్నిటికన్నా మంచి వార్త ఏమిటని అడిగితే కొత్తగా వచ్చే నర్సులు రకరకాలుగా చెబుతారు. జ్వరం దిగిందంటారు, బరువు పెరిగిందంటారు, రక్తపరీక్ష బాగా వచ్చిందంటారు. ముప్పై మూడేళ్లు ఆ పని చేసినదాన్ని. నా జవాబు వేరు. పిల్ల ఉచ్చ పోసింది. అంతకు మించిన శుభవార్త నాకు తెలియదు. ఆ వార్త విని ఒకసారి వార్డు నడిమధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ ఉచ్చ ఎవరిది, ఎవరి చీర మీద పడింది, దానికోసం నేనెందుకు ఒక మధ్యాహ్నమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, ఇది చెప్పడానికే రాస్తున్నాను.

ఈ వృత్తిలోకి ఇప్పుడే వస్తున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు (అబ్బాయిలు కూడా వస్తున్నారు, చాలా సంతోషం) నా సర్వీసు వివరాలతో పని లేదు. ఏ ఏడు ఇన్‌చార్జినయ్యానో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. నేను చేసిన తప్పు తెలిస్తే మాత్రం ఒక పిల్లకు మేలు జరగవచ్చు.

నా నోటి సంగతి

ముందు నా నోటి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు చేసింది అదే.

మా నాన్న బడిపంతులు. వనస్థలిపురంలో ఇళ్లు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజుల్లో, మా కాలనీ గ్రంథాలయం వరండాలో ఆదివారం ఆదివారం చర్చ పెట్టేవాడు. దయ్యాలున్నాయా, ముహూర్తం చూడకపోతే పెళ్లి చెడుతుందా, బల్లి మీద పడితే ఏమవుతుంది. ఆడపిల్లలు కూడా లేచి మాట్లాడాల్సిందే. వరండా మొత్తానికి ఒకటే నియమం: ఎదుటివాడు అన్నది ముందు నీ నోటితో చెప్పు. వాడు "అవును, నేనన్నది అదే" అన్న తర్వాతే నీ జవాబు మొదలుపెట్టు.

నాకు ఆ నియమమంటే ఒళ్లు మంట. బల్లిశాస్త్రాన్ని సమర్థించేవాడి మాట నేనెందుకు మోయాలి? పన్నెండేళ్లకే ముహూర్తాలను, గ్రహాలను, వాస్తును నిలబెట్టి కడిగేదాన్ని. చప్పట్లు పడేవి. నాన్న మాత్రం చప్పట్లు కొట్టేవాడు కాదు. "నువ్వు బాగా మాట్లాడినవ్. ఆయనేమన్నడో మాత్రం నీకు ఇంకా తెల్వది" అనేవాడు.

ఆ నోటితోనే నర్సునయ్యాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై పడకల పిల్లల ఆసుపత్రి మాది. అక్కడ నా యుద్ధానికి కొదవే లేదు. ఆయాసపడుతున్న నెలల పిల్లాడికి సాంబ్రాణి పొగ పట్టేవాళ్లు. రెప్పలంటుకుపోయేంత కాటుక పెట్టేవాళ్లు. జలుబు చేస్తే ముక్కులో నూనె చుక్కలు వేసేవాళ్లు. ఒకసారి పసిరికలకని, అంటే కామెర్లకని, పొట్ట మీద వాత పెట్టిన పిల్లను తీసుకొచ్చారు. ఆ రోజు ఆ ఇంటి మగవాళ్లిద్దరినీ మెట్ల మీద నిలబెట్టి అన్న మాటలకు నాకు ఈనాటికీ పశ్చాత్తాపం లేదు. పసిబిడ్డ ఒంటిని కాల్చే ఆచారం ఎన్ని తరాలదైనా నా లెక్కలో అది నేరమే. అక్కడ మీరూ మెత్తబడకండి.

అయితే ఒకరోజు నేను నోరు తెరిచింది వాత చూసి కాదు, ఒక మాట విని.

పంతొమ్మిదో నంబరు

మే నెల. పండ్ల మార్కెట్ అప్పటికి ఇంకా బాటసింగారం పోలేదు, కొత్తపేటలోనే ఉండేది. మామిడిపండ్ల వాసన మా ఓపీ కిటికీ దాకా వచ్చేది. ఎండలు ముదిరితే మాకు విరేచనాల కేసులు వరసపెడతాయి. వచ్చిన పిల్లను తూచి, జ్వరం చూసి, ఎవరిని ముందు లోపలికి పంపాలో తేల్చే బల్ల దగ్గర ఆ రోజు డ్యూటీ నాది. పంపాల్సిన వరస తేల్చడంలో అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల అనుభవం. గర్వం కూడా అంతే.

పావు తక్కువ పదింటికి ఒక పెద్దామె, వెనకాల ఆమె కోడలు వచ్చారు. పెద్దామె పేరు అండాలమ్మ. పోచంపల్లి నేత ఇంటి మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కొడుకు చీరల దుకాణం పెడితే ఇటు వచ్చేసింది. కోడలి పేరు స్వప్న. అండాలమ్మ చంకలో ఎనిమిది నెలల లాస్య. ఆ పిల్ల నడినెత్తిన మడత పెట్టిన గుడ్డ, దాని నిండా ఆముదం. చెంపల మీదికి కారుతోంది.

"మాడు దిగింది సిస్టరమ్మా. జర తొందరగ లోపలికి పంపు" అంది అండాలమ్మ.

నాలో వరండా లేచి నిలబడింది. "మాడు దిగుడేందమ్మా? అదేమన్న లిఫ్టా, దిగనీకి?"

బెంచీల మీదున్న తల్లులు ఫక్కున నవ్వారు. నాకు ఊపు వచ్చింది.

"నిన్నటి సంది మోషన్స్ అయితున్నయ్" అంది ఆమె, నవ్వులు పట్టించుకోకుండా. "ఆముదం పెట్టిన. రెండుసార్లు పెట్టిన. లేస్తలేదు."

"నూనె పోస్తే లేవనీకి అదేమన్న పూరీనా?"

ఈసారి మా ఓపీ ఆయా కూడా నవ్వింది. నేనిక ఆగలేదు. తల మీద నూనెకు, కడుపులో రోగానికి ఏ సంబంధమూ లేదని చెప్పాను. నీళ్లు తాగిస్తున్నారా అని అడిగాను.

"మోషన్స్ అయ్యే పిల్లకు నీళ్లెట్ల తాపుతం? పోసినకొద్ది పోతది గద."

దాని మీద ఇంకో ఉపన్యాసం. మొత్తం పది నిమిషాలు. చాలా బాగా మాట్లాడాను, నాకిప్పటికీ గుర్తే. ఇరవై మంది తల్లులు విన్నారు.

"నువ్వు మంచిగనే మాట్లాడుతున్నవ్ బిడ్డా" అంది అండాలమ్మ. "గని జర పిల్లను సూడు."

చూశాను. పిల్ల సన్నగా ఏడుస్తోంది. ఏడ్చే పిల్ల కాస్త ఆగగలదు, ఏడవని పిల్లకే ముందు పరుగెత్తాలని మాకో లెక్క ఉంది. లెక్క మంచిదే. కాకపోతే ఆ ఏడుపులో కన్నీళ్లు లేవు, అది నేను గమనించలేదు. తల మీద గుడ్డ తీసి చూడలేదు. కారణం రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను: చేతికి ఆముదం అంటుతుందని. కాగితం మీద "విరేచనాలు, జ్వరం లేదు, ఏడుస్తోంది" అని రాసి పంతొమ్మిదో నంబరు ఇచ్చాను.

ముప్పావు గంట గడిచాక అండాలమ్మ మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికి లోపలికి వెళ్లింది ఏడో నంబరు.

"పిల్ల ఏడుస్తలేదు."

"నిద్ర పోయిందేమో. మంచిదే గదా అమ్మా."

ఆమె వంగి నా మణికట్టు పట్టుకుంది. ఆ గుడ్డ తీసి పక్కన పడేసి, నా చేతిని తీసుకెళ్లి ఆ పిల్ల నడినెత్తిన పెట్టింది. "సూడు" అంది.

నా బొటనవేలు లోపలికి దిగింది. పసిపిల్లల తల మీద ఎముకలు ఇంకా కలవని మెత్తని చోటు ఉంటుంది, మనవాళ్లు మాడు అనేది దాన్నే. ఒంట్లో నీళ్లు ఇంకిపోతే అది గుంట పడుతుంది. నర్సింగు రెండో ఏడులో ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. "మాడు దిగింది" అంటే అదే. ఆ పెద్దామె పావు తక్కువ పదింటికే నాకు రోగ లక్షణం చెప్పింది. మాటకు మాట, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. నేను లిఫ్టు జోకు వేశాను.

పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. నోరు ఎండిపోయింది, కళ్లు గుంటలు పడ్డాయి. పిల్లను ఎత్తుకుని పరుగెత్తాను.

ఎంతమందిని ఒప్పించారు?

మా పెద్ద డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. చేతిలో నరం దొరకలేదు, నీళ్లు లేని ఒంట్లో నరాలు దారాల్లా ముడుచుకుపోతాయి. నేను రెండు చోట్ల పొడిచి ఓడిపోయాను. ఆయన పాదం మీద వెతికి పట్టారు. సెలైన్ పరుగు పెట్టించాం. చుక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాను. అరగంటకు పిల్ల కళ్లు తెరిచింది. ఇంకో అరగంటకు నన్ను చూసి మూతి వంకర పెట్టింది. ఆ వంకర మూతికి నా జీతమంతా ఇచ్చేయొచ్చనిపించింది.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ అడిగారు. "ఎప్పుడొచ్చారండీ వీళ్లు?"

"పావు తక్కువ పదికి."

"నా దగ్గరికి వచ్చేసరికి పదకొండు కావచ్చింది కదా."

"నా తప్పే సార్. వాళ్లు ఆముదం పెట్టుకొస్తే మూఢనమ్మకాల మీద చెప్తా ఉండిపోయిన."

ఆయన తువ్వాలు తీసుకున్నారు. "ఎంతమందిని ఒప్పించారు సిస్టర్?"

నేను సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను.

"ఎంతమంది పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టారు?"

అంతే అడిగారు. తర్వాతి పిల్లను చూడ్డానికి వెళ్లిపోయారు. బాసులు తిట్టిన తిట్లు నేను చాలా మరిచిపోయాను. అరవకుండా అడిగిన ఆ రెండు ప్రశ్నలు మాత్రం నా బల్ల ముందు ఎప్పుడూ కూర్చునే ఉన్నాయి.

గంగాళం

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పన్నెండున్నరకు లాస్య కాలు ఝాడించింది, సూది ఊడిపోయింది. డాక్టరుగారు చూసి, "మంచిదే, బలం వచ్చింది. ఇప్పుడు మళ్లీ పొడవొద్దు. తాగగలదు కాబట్టి ఓఆర్ఎస్ చెంచాతో పట్టించండి, తల్లిపాలు ఇవ్వండి. సాయంత్రం నాలుగింటి దాకా చూద్దాం. కడుపులో నిలవకపోతే మళ్లీ సూది వెతకాలి, లేదా పెద్దాసుపత్రికి పంపాలి" అన్నారు.

నేను చెంచా, గిన్నె తీసుకుని వెళ్లేసరికి అండాలమ్మ పిల్లను తువ్వాలులో చుట్టి లేచి నిలబడింది.

"సీసా పెడ్తే పెట్టుండ్రి. నోట్లె నీళ్లు పోస్తమంటే మేము పోతం."

"అమ్మా, పిల్లకు నీళ్లే మందు ఇప్పుడు."

"నీ సదువు పొద్దుగాలనే సూసిన."

తగలాల్సిన చోటే తగిలింది. ఆమె దగ్గర నా మాటకు విలువ పోయింది, పోగొట్టుకున్నది నేనే. నేను చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ నిజాన్ని ఆమె వినకపోవడానికి కారణం ఆమె అజ్ఞానం కాదు, నా ఉదయపు జోకులు. ఆమె గడప దాటితే ఇంటికెళ్లి మళ్లీ ఆముదం పెడుతుంది, నీళ్లు ఆపుతుంది. మే నెల ఎండలో ఆ పిల్ల రేపటిదాకా నిలవదు. ఇదీ ఆ నిమిషంలో నా ముందున్న సంగతి.

పోట్లాడితే గెలిచేదాన్ని. ఆమె వెళ్లిపోయేది. అప్పుడు నాన్న నియమం గుర్తొచ్చింది. నేను తలుపుకు అడ్డం నిలబడలేదు, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నువ్వనేది నాకు సమజైందో లేదో చూడమ్మా. మోషన్స్ మొదలైనంక మాడు గుంట పడ్డది. గుంట పడ్డకొద్ది పిల్ల వాడిపోతుంది. గుంట నిండితే పిల్ల లేస్తది. గంతేనా?"

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "గంతే."

"నువ్వన్నది నిజం. నేను పొద్దున చూడలే. నాదే తప్పు."

స్వప్న తలెత్తి అత్తను చూసింది. దవాఖానలో తెల్లచీర కట్టినామె తప్పు ఒప్పుకోవడం ఆ ఇద్దరికీ కొత్తలా ఉంది. నిజం చెప్పాలంటే నాకూ కొత్తే. అండాలమ్మ కూర్చోలేదు కానీ, పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. వినడానికి అది చాలు.

"మీది పోచంపల్లి గదా. నూలుకు రంగులద్దినవా?"

"అద్దక? ముప్పై ఏండ్లు ఆసు పోసిన, రంగులద్దిన." ఆసు పోయడమంటే నూలుపోగును మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పడం. ఆ వేళ్లకు వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. నా వేళ్లకన్నా ముందే ఆ గుంట వాటికి ఎందుకు తెలిసిందో నాకు అప్పుడర్థమైంది.

"రంగు గంగాళం ఎండల పెట్టినవనుకో. నీళ్లు ఇంకిపోతే ఏమైతది?"

"రంగు చిక్కబడ్తది."

"చిక్కబడ్తే?"

"నూలు ఖరాబైతది. నీళ్లు పొయ్యాలె."

"ఆముదం పొయ్యవా?"

  స్వప్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దెప్పుతున్నవా?" అంది అండాలమ్మ.

"జర దెప్పుతున్న. పిల్ల ఒళ్లు కూడ గంగాళమే అవ్వా. నీళ్లు ఇంకినయ్, రక్తం చిక్కబడ్డది. పైన కనబడే గుంట లోపలి నీళ్లది. నువ్వు గుంటను పట్టినవ్, నాకన్న ముందు పట్టినవ్. నింపే తొవ్వ పైనుంచి లేదు, నోట్లెనుంచి ఉంది."

"పోసినకొద్ది పోతది గద?"

"పోతది. ఒక చెంబు పోతే చెంబున్నర పోద్దాం. పోతదని గంగాళం ఎండబెడ్తమా?"

అప్పుడు స్వప్న మెల్లగా నోరు విప్పింది. "మెడికల్ షాపుల ప్యాకెట్ ఇచ్చిండ్రు సిస్టర్. నిన్న కలిపిన. రెండు చెంచాలు తాగంగనే కక్కింది. అందుకే అత్తమ్మ వద్దన్నది."

"ఎన్ని నీళ్లల్ల కలిపినవ్?"

"గ్లాసుల."

"మొత్తం ప్యాకెట్ ఒక్క గ్లాసులనా?"

స్వప్న తలూపింది. ఆ ప్యాకెట్ లీటరు నీళ్లది. గ్లాసులో కలిపితే అది సముద్రం నీళ్లకన్నా హీనం, పిల్లకు చేటు కూడా. నేను నోరు తెరిచేలోపే అండాలమ్మ కోడలి మీదికి తిరిగింది.

"రంగు పొట్లమంత ఒక్క చెంబుల గుమ్మరిస్తరానే? పోచంపల్లి ఇంటికి కోడలైనవ్, గది తెల్వదా?"

"నేను బీకాం సదివిన అత్తమ్మా. రంగులు సదవలే."

నవ్వాపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను. వెనక్కి తిరిగేసరికి అండాలమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. తువ్వాలు విప్పుతోంది.

"షర్తు" అంది. "నాలుగింటికి చాయ్ వస్తది గద ఈడ. గప్పటిదాక నువ్వు నీళ్లు పొయ్యి. మాడు లేసిందా లేదా నేను సూసి చెప్త. నువ్వు చెప్పొద్దు. లేవకపోతే నా ఆముదం నాది."

చెప్పండి, ఇంతకన్నా శాస్త్రీయమైన ఒప్పందం ఎవరు రాయగలరు? పరీక్ష ఉంది, గడువుంది, తీర్పు చెప్పేది అవతలి పక్షం. మా వరండాలో ముప్పై ఆదివారాల్లో ఇంత మంచి చర్చ జరగలేదు. ఒప్పుకున్నాను. షర్తు మా ఇద్దరి మధ్యే, పిల్ల ప్రాణానికి వర్తించదు. పిల్ల ఏ నిమిషం వాడినా డాక్టరుగారిని పిలుస్తానని మాత్రం ముందే చెప్పాను.

పోసింది

లీటరు సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు, ఒక ప్యాకెట్. కలిపాక అండాలమ్మ వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. "కన్నీళ్ల లెక్క ఉంది" అంది. అదే సరైన రుచి. అంతకన్నా బాగా నేనెవరికీ చెప్పలేను, ఆ తర్వాత అందరికీ ఆ మాటే చెప్పాను.

నిమిషానికో చెంచా. చూడ్డానికి ఏమీ లేని పని. కానీ పిల్లల నర్సు పనిలో సగం ఇదే: ఏ యంత్రమూ లేకుండా, ఎవరూ చూడకుండా, నిమిషానికో చెంచా. మొదటి పది చెంచాలకు లాస్య వాంతి చేసుకుంది. అండాలమ్మ నా ముఖంలోకి చూసింది. "పది నిమిషాలు ఆగుదాం, తర్వాత ఇంకా మెల్లగ" అన్నాను, గొంతు స్థిరంగా పెట్టుకుని.  ఆగాం. మళ్లీ మొదలుపెట్టాం. నడుమ స్వప్న పాలిచ్చింది.

గంటకోసారి అండాలమ్మ పరీక్ష. నేనొక్కటే నేర్పాను: పిల్లను నిలువుగా ఎత్తుకుని, ఏడుపు మానాక చూడాలి. పడుకోబెట్టినా, ఏడుస్తున్నా ఆ చోటు ఉబ్బినట్టు అనిపించి మోసం చేస్తుంది. "నూలు గూడ తడి మీద సూస్తే ఒకతీరు, ఆరినంక ఒకతీరు" అంది. ఆమెకు ఒకసారి చెబితే చాలు.

ఒకటిన్నరకు, "గట్లనే ఉంది."

రెండున్నరకు చాలాసేపు చూసింది. "ఏమో" అంది. ఆ "ఏమో" విని నేను బాత్రూములోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

మూడు ముప్పావుకు లాస్య అండాలమ్మ ఒళ్లో కూర్చుని గిన్నె లాక్కోవడానికి చూస్తోంది. ఉన్నట్టుండి అండాలమ్మ కళ్లు పెద్దవయ్యాయి. లేవలేదు, కదల్లేదు. కిందికి చూసుకుంది. నీలం, ఎరుపు పోచంపల్లి చీర, ఒడి నిండా తడి.

"సిస్టరమ్మా!" అని కేక పెట్టింది. "పోసిందే!"

నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే, వార్డు మధ్యలో నిలబడి. నిన్న రాత్రి నుంచి ఎండిపోయిన పిల్ల పోసింది, అంటే మూత్రపిండాలకు నీళ్లందాయి, పిల్ల గట్టెక్కింది. పక్క మంచాల తల్లులకు సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు తలుపులోంచి తొంగి చూసి, "ఎంత?" అని అడిగారు.

"చీరంత సార్!" అన్నాను.

"నువ్వు చీర మార్చుకో అవ్వా, తొందరగ పిండితే రంగు పోదు" అన్నాను ఆమెతో.

"ఎందుకు పోతది? నేనద్దిన రంగు."

చాయ్ వచ్చింది. ఆమె షర్తు మరిచిపోలేదు. పిల్లను నిలబెట్టి, ఏడుపు లేదని చూసుకుని, మూడు వేళ్లు నడినెత్తిన ఆనించింది. వార్డంతా చూస్తోంది.

"లేసింది" అంది. తర్వాత ఆముదం సీసా సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇగో. నీ పూరీలకు పనికొస్తది."

ఆ ఒక్క వాక్యంతో నా ఉదయపు ఉపన్యాసమంతా చెల్లిపోయింది.

కొత్త ఆముదాలు

ఆ తర్వాత మా బల్ల దగ్గర పద్ధతి మార్చాను. పిల్లను తెచ్చిన మనిషి ఏ మాట చెప్పినా, ఎంత విడ్డూరంగా ఉన్నా, ముందు ఆ మాట చూపించే చోట చెయ్యి పెట్టాలి. "పక్కలెగరేస్తుంది" అన్నారా, చొక్కా పైకెత్తి డొక్కలు ఎగరేస్తోందో లేదో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. నిమోనియాకు అంతకన్నా మంచి పేరు లేదు. "దిష్టి తగిలి పాలు తాగుతలేదు" అన్నారా, దిష్టిని వదిలేయండి, పాలు తాగడం లేదన్నది పట్టుకోండి. నోట్లో పూత ఉందేమో, చెవి నొప్పేమో చూడండి. కారణం తప్పు చెబుతారు, నిజమే. కానీ చూసింది తప్పు కాదు. రాత్రింబవళ్లు పిల్లను చూసేది వాళ్లు, మనం చూసేది రెండు నిమిషాలు.

కర్మన్‌ఘాట్ గుడి నుంచి తెచ్చిన దారం మెడలో ఉంటే కొత్తలో కత్తెర తీసేదాన్ని. తర్వాత వేలు దూర్చి చూసి, బిగుతుగా ఉంటే వదులు చేయించాను, అంతే. నేను నాస్తికురాలినే, ఈనాటికీ. దారం పిల్లను కాపాడుతుందని నమ్మను. దారం తెంపితే తల్లి నా మాట వినదని మాత్రం అనుభవంతో తెలుసుకున్నాను.

నన్ను మెత్తబడ్డానని అనుకోకండి. నా మంట చల్లారలేదు, దిక్కు మారింది. ఈ చివరి ఏళ్లలో నేను చూసిన గట్టి మూఢనమ్మకాలు పోచంపల్లి నుంచి రాలేదు, ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్ల నుంచి లిఫ్టు దిగి వచ్చాయి. సీసా ఎక్కిస్తేనే వైద్యమనేది ఒకటి. మామూలు జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాయకపోతే ఆ డాక్టరుకు ఏమీ రాదనేది ఇంకొకటి. నెబ్యులైజర్ పెడితే అలవాటు పడిపోతుందని ఆయాసపడే పిల్లను ఫోన్లో వచ్చిన సందేశం చదువుతూ కూర్చోబెట్టిన ఇంజినీరు తండ్రిని చూశాను. విరేచనాలయ్యే పిల్లకు రంగు రంగుల తీపి నీళ్ల డబ్బా తాగించి, "దీని మీద పాపాయి బొమ్మ కూడా ఉంది కదండీ" అన్న తల్లిని చూశాను. తీపి ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆముదం కనీసం కడుపులోకి పోలేదు!

వీళ్లందరితోనూ నాన్న నియమమే పనికొచ్చింది. "మీరనేది ఏంటంటే..." అని మొదలుపెట్టేదాన్ని. చదువుకున్నవాళ్లకు గంగాళం పనికిరాదు, కారు రేడియేటరు పనికొస్తుంది.

అండాలమ్మ వేలు

అండాలమ్మ మమ్మల్ని వదల్లేదు. ఎండలు ముదిరితే తనే వచ్చేది, ఓపీ బెంచీ మీద కూర్చుని కొత్త తల్లులను పట్టుకునేది. "మాడు సూసినవా? నూనె కాదే, నీళ్లు! పొట్లం లీటరుకు ఒకటి! చీర కాదే ఖరాబయ్యేది, పిల్ల!" నేను గంటసేపు చెప్పినా తలకెక్కనిది ఆమె అరిస్తే రెండు నిమిషాల్లో ఎక్కేది. ఆమెకు జీతం లేదు, తెల్లచీర లేదు. మా ఆసుపత్రిలో అంత పనిమంతురాలైన ఆరోగ్య కార్యకర్త మరొకరు లేరు. సాయంత్రం నాలుగింటి చాయ్ మాత్రం పట్టుబట్టి తాగేది.

నా చివరి డ్యూటీ రోజున కూడా వచ్చింది. మోకాళ్ల నొప్పులు, చెయ్యి పట్టుకుని నడిపించింది లాస్య. పదో తరగతి, నాకన్నా ఎత్తు, మాటకు మాట సమాధానం. మామిడిపండ్లు తెచ్చారు. "ఇప్పుడు బాటసింగారం దాక పోవల్సొస్తుంది సిస్టర్, నానమ్మకు ఆడివే కావాలంట" అంది లాస్య.

దండ వేశారు, కేకు కోశారు, ఎవరో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అన్నీ అయ్యాక అండాలమ్మ నన్ను స్టూలు మీద కూర్చోమంది. నా వెనక నిలబడి, మూడు వేళ్లు నా నడినెత్తిన ఆనించి, అటూ ఇటూ నొక్కి చూసింది.

"గట్టిగనే ఉంది."

"ఈ వయసుల ఇంక దిగదు అవ్వా."

"ఎర్కే. గప్పుడు ఇంతకన్న గట్టిగ ఉండె. జర మెత్తబడ్డది."

అందరూ నవ్వారు, నేనే ఎక్కువ నవ్వాను. ఇంటికొచ్చి అద్దం ముందు జడ విప్పుతుంటే చేతికి జిడ్డు తగిలింది. వాసన చూశాను. ఆముదం. నాకు తెలియకుండా పెట్టేసింది. కడుక్కుందామని లేచి, మళ్లీ ఆలోచించి చూశాను. పెద్ద మనిషి నెత్తి మీద రెండు చుక్కల ఆముదంతో తర్కానికి ఏ పేచీ కనిపించలేదు. అలాగే ఉంచుకుని, రెండు గ్లాసుల నీళ్లు తాగి పడుకున్నాను.